ఏ కార్తె? — మంచం పక్కన అడిగే ప్రశ్నల చరిత్ర



"మీ పేరేమిటి? ఇది ఏ ఊరు? ఇది ఏ నెల? నా వేలు గట్టిగా పట్టుకోండి." ఆసుపత్రి మంచం పక్కన నిలబడి నర్సులు అడిగే ఈ ప్రశ్నలకు కూడ ఒక చరిత్ర ఉన్నదని 2023 వరకు నాకు తోచలేదు. ముప్పదేండ్లకు పైగా పిల్లలను ప్రశ్నలడిగి బ్రతికినవాడిని. ప్రశ్న తప్పుగా ఉంటే జవాబు చెప్పినవాడు తప్పిపోవుట నాకు కొత్త కాదు. అయినను ఆ సంగతి నా ఇంటి మనిషి విషయంలో జరిగే దాక నాకు పట్టింపు లేకపోయినది.

2023 ఆగస్టు 8, మంగళవారం. ఎనభై యేండ్లు దాటిన మా అక్కయ్యకు నడక తూలుతున్నది, తల నొప్పిగా ఉన్నదంటున్నది. కోయిలకుంట్లకు అంత దూరం కాని ఒక పట్టణంలోని ఆసుపత్రిలో చేర్చినాము. ఆమె బడి ముఖం చూడలేదు, నేటికీ వేలిముద్రే. ఒక చిన్నవయసు నర్సమ్మ కాగితము, కలము పట్టుకొని వచ్చినది.

"అవ్వా, ఇది ఏ నెల?"

"అధిక శ్రావణం గదా పాపా."

"అది కాదవ్వా, ఇంగ్లీషు నెల."

"అది నాకు తెలీదు. ఆశ్లేష కార్తె నడుస్తాండాది."

"పోనీ, ఏ సంవత్సరం?"

"శోభకృతు."

"మనది ఏ జిల్లా?"

"కర్నూలు జిల్లా."

నర్సమ్మ కాగితం మీద ఏదో గీసి, మాట అన్న గడిలో 4 అని వేసినది. దానికి 'అయోమయపు మాట' అని అర్థమట. నాకు కోపం వచ్చిన మాట దాచను. "అమ్మా, ఆమె చెప్పినవన్నీ సరియైనవే" అని చిన్న ఉపన్యాసమే చేసినాను. ఆ పిల్ల ఓపికగా విని, "సార్, కాగితంలో నెల, సంవత్సరం అనే ఉంది. అయినా రాసి పెడతాను" అని, అంచున తెలుగులో 'ఆశ్లేష కార్తె, అధిక శ్రావణం అని చెప్పింది' అని వ్రాసినది. ఆ ఒక్క వాక్యం తరువాత ఏమి చేసినదో ముందు చెప్పబోతాను. అంతకు ముందు ఆ కాగితం ఎక్కడనుండి వచ్చినదో చూతము.

మొదట మాటల సంగతి. అలవాటు పోదు గనుక మన్నించండి. రోగి తెలివిలో ఉన్నాడా అంటాము, తెలివి తప్పింది అంటాము. బడిలో లెక్కలు బాగా చేసేవాడినీ తెలివైనవాడు అంటాము. మేలుకొని ఉండుట, గ్రహించగలుగుట: రెంటికీ తెలుగువాడు ఒకటే మాట పెట్టుకొన్నాడు. 'తెలి' అంటే తెలుపు, స్వచ్ఛత. తెల్లవారుట కూడ ఆ కుదురులోనిదే. ఇక స్పృహ అన్నది సంస్కృతంలో కోరిక. నిస్పృహుడంటే కోరికలు లేనివాడు. తెలుగులోకి వచ్చి స్పృహ మెలకువగా మారినది, నిస్పృహ నిరాశగా మారినది. మూర్ఛ మాట ఇంకొక చిక్కు. చరక సంహిత సూత్రస్థానం 24వ అధ్యాయంలో మదము, మూర్ఛ, సన్యాసము అని మూడు మెట్లున్నవి. మొదటి రెండు వేగం తగ్గితే తమంత తామే తగ్గుతవి. సన్యాసము మాత్రం మందు లేక తగ్గదు. మన వాడుకలో మూర్ఛ అంటే ఫిట్సు. సన్యాసం అంటే కాషాయం. వైద్యుడొకటి చెప్పి, బంధువొకటి వినుటకు ఇంతకన్న ఏమి కావలె?

ఆ అధ్యాయంలోనే సన్యాసరోగిని లేపుటకు చెప్పిన పనులు ఆశ్చర్యం కలిగిస్తవి. సూదితో పొడుచుట, గోళ్ళ సందున నొక్కుట, వెంట్రుకలు లాగుట. నేటి నర్సు కూడ పిలిస్తే పలకని రోగి గోటి మొదలు కలముతో నొక్కి చూస్తుంది. కాకపోతే నాడది చికిత్స, నేడిది కొలత.

కొలత అన్నది మొన్నటి సంగతి. 1974 జూలైలో లాన్సెట్ పత్రికలో గ్లాస్గో నగరపు గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెనెట్ అను ఇద్దరు ఒక చిన్న వ్యాసం ప్రచురించినారు. అంతకు ముందు రోగి స్థితిని మగత, మొద్దునిద్ర, అర్ధ స్పృహ అని ఎవరికి తోచిన మాటలో వారు వ్రాసేవారు. పగటి డాక్టరు మగత అన్నదానిని రాత్రి డాక్టరు అర్ధ స్పృహ అంటే, రోగి దిగజారినాడా, లేక డాక్టరు మారినాడా? ఇది తేలక ప్రాణాలు పోయేవి. అందువలన వారు మాటలు తీసివేసి, చూడదగినవి మూడే పెట్టినారు: కన్ను ఎప్పుడు తెరుస్తున్నాడు, ఏమి మాట్లాడుతున్నాడు, కాలుచేతులు ఎట్లు కదుపుతున్నాడు. కంటికి 4, మాటకు 5, కదలికకు 6. మొదట మొత్తం 14గానే ఉండినది. తరువాత కదలికలో ఒక మెట్టు చేర్చి 15 చేసినారు. ఏమీ లేనివానికి కూడ 3 వస్తుంది. సున్న లేదు. బడి పంతులుగా నాకీ పద్ధతి నచ్చినది.

ఇందులో నేను గౌరవించే విషయం వేరొకటి. దానిని వారు పెద్ద వైద్యుల కొరకు మాత్రమే కట్టలేదు. ఏ వార్డులోని నర్సయినా, ఏ కొత్త డాక్టరయినా ఒకే తీరున నింపగలగాలన్నది వారి పట్టు. మరుసటి యేడే, 1975లో, టీస్‌డేల్ నర్సుల పత్రిక 'నర్సింగ్ టైమ్స్'లో వారి కొరకే వ్రాసినాడు. గంటగంటకూ మంచం పక్కకు వచ్చేది నర్సే కదా! ఫ్లారెన్సు నైటింగేల్ 1859లో వెలువరించిన 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో రోగిని పరిశీలించుటకే ఒక అధ్యాయం కేటాయించినది. రాత్రి బాగా నిద్రపోయినాడా వంటి డొల్ల ప్రశ్నలు అడుగరాదనీ, ఎన్ని గంటలు పోయినాడో అడుగవలెననీ ఆమె వాదం. గ్లాస్గో వారు చేసినది ఆ వాదానికి అంకెలు వేయుటే అని నా ఊహ.

మన దిక్కున నర్సు అన్న మాట ముందుగా మిషన్ ఆసుపత్రులతో వచ్చినది. మా పక్కన జమ్మలమడుగులో లండన్ మిషన్ వారి కాంప్‌బెల్ ఆసుపత్రి ఉండేది. పాతతరం వారు బండి కట్టుకొని అక్కడికి పోయేవారు. నర్సుల, మంత్రసానుల నమోదుకు మద్రాసు రాజధానిలో చట్టం వచ్చినది 1926లో. అఖిల భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం 1947లో. కర్నూలు వైద్య కళాశాల 1956 నాటిది. రాజధాని కర్నూలును విడిచిపోయిన సంవత్సరమే అది. ఇక మనసుకు, నరాలకు సంబంధించిన పెద్ద జబ్బంటే రాయలసీమవాడు చూసేది బెంగళూరు వైపు. అక్కడి నిమ్‌హాన్స్ ఆ పేరుతో ఏర్పడినది కూడ 1974లోనే, డిసెంబరులో. గ్లాస్గో వ్యాసం వచ్చిన ఏడే.

ఇప్పుడు కార్తె సంగతికి వస్తాను. సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలము కార్తె. ఏడాదికి ఇరువదియేడు, ఒక్కొక్కటి పదమూడు పదునాలుగు దినాలు. ఆశ్లేష కార్తె ఆగస్టు 3 ప్రాంతంలో మొదలై 16 వరకు. అనగా మా అక్కయ్యను నెల అడిగితే ఆమె పక్షం లెక్కకు దింపి చెప్పినది. అధిక శ్రావణము ఇంకను గట్టి సాక్ష్యము. అది ఏటేటా వచ్చేది కాదు. ఆ యేడు వచ్చినదని తెలిసి ఉంటేగాని నోట రాదు. కాలం తెలియనివారు చెప్పే జవాబు కాదది.

జిల్లా సంగతి మరీ విచిత్రం. కోయిలకుంట్ల ఎక్కడికీ కదలలేదు, చుట్టూ గీతలు కదిలినవి. 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరి తీసిన నాటికి మా ఊరు కడప జిల్లాలోనిది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. 2022 ఏప్రిల్ 4 నుండి నంద్యాల జిల్లా. రాష్ట్రం చూస్తే, మా అక్కయ్య పుట్టినది మద్రాసు రాజధానిలో, ఆడుకొన్నది 1953 నాటి ఆంధ్ర రాష్ట్రంలో, పెండ్లాడినది ఆంధ్రప్రదేశ్‌లో, 2014 నుండి ఉన్నది మిగిలిన ఆంధ్రప్రదేశ్‌లో. ఏడాది క్రితం మారిన జిల్లా పేరు ఎనభై యేండ్ల మనిషి నోట రాలేదని మతి తప్పినదనుట ఎంతవరకు న్యాయం?

ఏ రాష్ట్రం, ఏ జిల్లా అను ఈ ప్రశ్నలు గ్లాస్గో నుండి వచ్చినవి కావు. మార్షల్ ఫోల్‌స్టీన్, సూసన్ ఫోల్‌స్టీన్, పాల్ మెక్‌హ్యూ అను ముగ్గురు 1975లో అమెరికాలో ముప్పది మార్కుల ప్రశ్నపత్రం ఒకటి తయారుచేసినారు. మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ అంటారు. తేదీ, స్థలము, మూడు మాటలు గుర్తుంచుకొనుట, నూరులో ఏడేడు తీసివేయుట, ఇంగ్లీషు మాట ఒకటి వెనుకనుండి అక్షరాలు చెప్పుట, ఒక వాక్యం వ్రాయుట, రెండు పంచభుజాలు ఒకదానినొకటి కోసుకొన్నట్లు గీయుట. చదువుకొన్న దేశానికి చదువుకొన్నవారు కట్టిన పత్రం. దానిని ఉన్నదున్నట్లు తెచ్చి మన పల్లెలో పెడితే ఎన్నడూ పెన్సిలు పట్టనివారందరూ తప్పుతారు. మా అక్కయ్యకు పంచభుజం గీయుట రాదు. ఇరువదియొక్క చుక్కల ముగ్గు మాత్రం ఎక్కడా చెరపకుండా వేస్తుంది.

వెనుకనుండి చెప్పే ప్రశ్నతో తెలుగుకు వేరే తంటా. ఇంగ్లీషులో విడి అక్షరాలు. మనకు గుణింతాలు, ఒత్తులు. 'పుస్తకం' అన్న మాటను తిప్పి చెప్పమంటే వ్యాకరణం చదివిన నేనే ఒక క్షణం ఆగుతాను. పోనీ సులభమైనది ఇత్తమని ఎవరైనా 'వికటకవి' అని ఇత్తురేమో, జాగ్రత్త! అట్లే ఇంగ్లీషులోని అయితే, కాని వంటి చిన్న మాటల గుంపును తిరిగి చెప్పమనే ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని మాటకు మాట తెలుగు చేస్తే అర్థం లేని మూట అవుతుంది. నన్నడిగితే 'అయితే గియితే అనవద్దు' అని పెడతాను.

ఈ ఇబ్బంది గుర్తించినవారు లేకపోలేదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెలలో చదువురాని వృద్ధుల కొరకు మేరీ గంగూలీ బృందం ఆ పత్రాన్ని హిందీలో మార్చి 1995లో ప్రచురించినది. ఇంగ్లీషు మాట స్థానంలో వారాల పేర్లు వెనుకకు చెప్పమన్నారు. చదివి కళ్ళు మూయమనుటకు బదులు, నా ముఖం చూసి నేను చేసినట్లు చేయమన్నారు. వాక్యం వ్రాయమనుటకు బదులు మీ ఇంటిని గూర్చి చెప్పమన్నారు. ఇది అనువాదం కాదు, అనుసరణ. మన కవిత్రయం వారి పని గుర్తుకు రాలేదా మీకు? ఇంకా వెనుకకు పోతే, 1931-32లో రష్యా పండితుడు లూరియా ఉజ్బెకిస్తాన్ రైతుల వద్దకు పోయి సుత్తి, రంపము, గొడ్డలి, మొద్దు చూపి ఇందులో చేరనిది ఏదని అడిగినాడు. చేరనిదేమున్నది, మొద్దు లేక రంపానికి పనేమి అన్నారట వారు. ఆ జవాబులో లోపమేమిటో నాకీనాటికీ కనబడదు.

తెలుగు వైపు చెప్పుకోదగిన పని హైదరాబాదు నిమ్స్‌లో జరిగినది. అల్లాడి సువర్ణ గారు, వారి సహచరులు మతిమరుపు వ్యాధి వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో న్యూరాలజీ పత్రికలో ప్రచురించినారు. వారిలో 391 మంది ఒకటికి మించిన భాషలు మాట్లాడేవారు. ఒకే భాష వచ్చినవారికన్న వీరికి వ్యాధి సుమారు నాలుగున్నర యేండ్లు ఆలస్యంగా వచ్చినదట. చదువురానివారిలో ఆ తేడా ఆరేండ్లు. ఈ విషయంపై తరువాతి పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు గాని, చదువులేని మనిషి బుర్రలోని భాషను లెక్కలోకి తీసుకొన్నందుకు నాకు సంతోషమైనది. మా అక్కయ్య పక్కింటి వారితో ఉరుదూ మాట్లాడుతూ పెరిగినది. ఆ తరువాత భారత వైద్య పరిశోధన మండలి వారు తెలుగుతో సహా అయిదు భారతీయ భాషలలో ఇట్టి పరీక్షలను సిద్ధపరచినారు.

నా వైపు తప్పు కూడ ఒకటి చెప్పవలె. రెండవనాడు నేను ఆ నర్సమ్మతో, "మా అక్కకు గజేంద్రమోక్షం పద్యాలు నోటికి వచ్చు. మతి ఎట్లు పోతుంది?" అని గొప్పగా అన్నాను. ఆ పిల్ల నవ్వి, "పాతవి చివరిదాకా ఉంటాయి సార్, పొద్దున ఏం తిన్నారో అడగండి" అన్నది. అడిగితే అక్కయ్య తడుముకొన్నది. పాత జ్ఞాపకం నిలిచి కొత్తది ముందుగా పోవునని ఫ్రెంచి పండితుడు రిబో 1881లోనే వ్రాసినాడని తరువాత తెలుసుకొన్నాను. నా పద్యాల వాదం నూటనలభై యేండ్ల క్రితమే వీగిపోయినది.

ఆగస్టు 10 రాత్రి. డ్యూటీకి వచ్చిన నర్సమ్మ కొంచెం పెద్ద వయసు మనిషి, సేద్యం ఇంటి పిల్ల. కాగితం అంచున వ్రాసినది చదివినది. అక్కయ్యను తట్టి లేపి, "అవ్వా, ఏం కార్తె?" అని అడిగినది.

"రోహిణి. ఇత్తనం ఏసేది ఉండాది. వాన ఏదీ?"

రోహిణి మే నెలాఖరుది. రెండు దినాల క్రితం ఆశ్లేష చెప్పిన మనిషి రెండున్నర నెలలు వెనుకకు పోయినది. నర్సమ్మ రెండు చేతులూ అరచేతులు పైకి పెట్టి చాపించి, కళ్ళు మూయించినది. ఎడమ చేయి నిలిచినది. కుడిచేయి అరచేయి తిరిగి మెల్లగా దిగజారినది. ఆమె టార్చి వేసి కనుపాపలు చూసినది. డాక్టరుకు ఫోను చేసినది. నావైపు తిరిగి, "సార్, అవ్వ ఎక్కడైనా పడిందా?" అన్నది.

మాకు తెలియదన్నాను. తెల్లవారి మా మేనకోడలు చెప్పినది: మూడు వారాల క్రితం జాలాడి దగ్గర జారి పడి తల గోడకు తగిలినదనీ, ఎవరితో చెప్పవద్దని అవ్వ ఒట్టు పెట్టుకొన్నదనీ.

ఒక్కసారి ఆ కాగితం చూడండి. మంగళవారం మాటకు 4, అయోమయము. గురువారం రాత్రి కూడ మాటకు 4, అయోమయము. అంకె ప్రకారం ఏ మార్పూ లేదు. మొదటి దినమే ఆమెను అయోమయంలో ఉన్నదని వ్రాసినందువలన, నిజంగా అయోమయం వచ్చినప్పుడు దానికి వేరే గడి మిగలలేదు. అంచున ఉన్న తెలుగు వాక్యం లేకుంటే ఆ రాత్రి కూడ అంతా సరిగా ఉన్నట్లే. ఆ చిన్న నర్సమ్మ మీద నా కోపం అక్కడితో పోయినది; సిగ్గు మిగిలినది.

అంబులెన్సులో కర్నూలుకు తీసుకుపోయినాము. స్కానింగులో మెదడు పొరల నడుమ ఎడమవైపు పాతరక్తం గడ్డకట్టి నిలిచి ఉన్నది. ముసలితనంలో మెదడు కొంత కుంచించుకొని, పొరల నడుమ సన్నని రక్తనాళాలు సాగి ఉంటవట. చిన్న దెబ్బకే తెగి, రక్తం వారాల తరబడి మెల్లగా ఊరుతుందట. ఎడమవైపు ఒత్తిడికి కుడిచేయి దిగినది. పుర్రెకు రెండు చిన్న రంధ్రాలు పెట్టి ఆ రక్తం తీసివేసినారు. మూడవనాటికి అక్కయ్య కాఫీ చల్లారిందని గొడవ పెట్టుకొన్నది.

ఆ దినాలలో వరండాలో కూర్చొని నర్సులను అడిగి కొన్ని తెలుసుకొన్నాను. ఒకటి మాత్రం మా నల్లరేగడి ప్రాంతపు వారి కొరకు ఇక్కడ వ్రాస్తాను. కట్లపాము కరిచినవాని రెప్పలు వాలిపోతవి, నోరు పెగలదు, కాలుచేతులు కదలవు. గ్లాస్గో లెక్కలో వానికి మూడే రావచ్చు. కాని వాడు లోపల మేలుకొని అన్నీ వింటూ ఉండవచ్చును. వాని పక్కన నిలబడి ఇక ఆశ లేదని మాట్లాడరాదు. పురుగుమందు మింగినవాని కనుపాప సూదిమొనంత అవుతుంది. ఆ ఒక్క గుర్తుతో నర్సులు గ్రహించిన సందర్భాలు మా పత్తి ప్రాంతంలో తక్కువ కావు. అంకె ఒకటే చాలదని వారందరికీ తెలుసు. మనకే తెలియదు.

సెప్టెంబరు మూడవ వారంలో కుట్లు, గాయం చూపించుటకు మళ్ళీ కర్నూలు పోయినాము. ఆ యేడు మాకు వానలు లేవు. అక్కడి నర్సమ్మ చార్టు తెరిచి, ముందుగా నెల అడుగబోయి, ఏమి అనుకొన్నదో ఏమో, "అవ్వా, ఏ కార్తె?" అన్నది.

"ఉత్తర."

"ఒక సామెత చెప్పు చూద్దాం, అర్థం కూడ చెప్పాల." మతిని పరీక్షించుటలో సామెతకు అర్థమడుగుట కూడ ఒక పద్ధతే.

"ఉత్తర చూసి ఎత్తర గంప. ఉత్తరలో గూడ వాన పడకపోతే ఈ ఊర్లో బతకలేము, గంప నెత్తిన బెట్టుకోని పోవాల్సిందే అని. ఈ పొద్దు మా వీధిలో నాలుగిండ్లకు బీగాలు ఏసినారు పాపా."

నర్సమ్మ మాట గడిలో 5 వేసినది. "జిల్లా ఏదవ్వా?"

"నంద్యాల అంటాండారంట. నాకు మాత్రం కర్నూలే."